బొంతకు కడపటి కుట్టు

తెలుగు ఇండ్ల అటకలమీదను, పాత ట్రంకుపెట్టెలలోను సగము కుట్టి విడిచిన బొంత కనబడుట అరుదు కాదు. పొరలు కదలకుండ మొదట వేసిన టాకాలు అట్లే ఉండును. ఒక ప్రక్క జానెడు మేర కుట్టువరుసలు తీరుగ సాగి, అంతటితో ఆగిపోయియుండును. గ్రుచ్చినచోటనే విడిచిన సూది త్రుప్పుపట్టి గుడ్డకు మచ్చ చేసియుండును. ఏ బిడ్డ పేర అది మొదలైనదో ఆ బిడ్డ సంచి తగిలించుకొని బడికి పోవుచుండును; బొంత మాత్రము పెట్టె దాటలేదు.

బొంత కుట్టు నేర్పు నశించుచున్నదని విచారించువారు కలరు. వారి విచారము న్యాయమైనదే. అయినను ఈ నేర్పునకు కొఱవడినది ఆరంభించు ఉత్సాహము కాదు, ముగించు ఓపిక. చేతిపనులన్నింటికిని ఒక ధర్మము కలదు. పని మొదటి భాగము కొంత నేర్పును. కడపటి భాగము దానికి పదిరెట్లు నేర్పును. పది బొంతలు మొదలుపెట్టినవారికన్న ఒక బొంతను ముగించినవారికి ఎక్కువ తెలియును. అది ఇంకొకరికి కానుకగా ఇయ్యదలచినదైనచో ఈ ధర్మము మఱింత గట్టిగ వర్తించును. తనకొఱకు కుట్టుకొనువారు ఎక్కడనైన ఆపవచ్చును. సగము బొంతను కానుకగా ఇచ్చుట మాత్రము కుదరదు. కావున ఈ విద్యను అలవఱచుకొనగోరువారు చిన్న బొంతనొకదానిని ఒకరి పేర తలపెట్టి, దాని వంకరలతోనే ముగించి, ఇచ్చివేయుట మేలు. మేలైన రెండవ బొంతకు దారి ఆ మొదటి బొంతలోనుండియే పోవును.

బొంత యనగా పాతబట్టలను పొరలుపొరలుగా పఱచి, అన్నియు కలిసి నిలుచునట్లు కుట్టిన పక్కబట్ట. సంస్కృతమున దీనిని కంథ యందురు. విరాగులు ధరించు అతుకులబట్టకును ఆ పేరే చెల్లినది. వంగదేశమున ఆ మాటయే నేటికిని బొంతకు వాడుకలో నున్నది. బౌద్ధ భిక్షువుల చీవరములును ఇట్టి అతుకులబట్టలే. మగధదేశపు వరిచేలను, వాని గట్లను చూపి, ఆ తీరున చీవరమును కూర్పగలవా యని బుద్ధుడు ఆనందుని అడిగెననియు, ఆనందుడు అట్లే కూర్చి చూపెననియు వినయపిటకము చెప్పుచున్నది. పారవేసిన పేలికను పనికివచ్చు వస్త్రముగ మార్చు నేర్పు ఈ దేశమున ఎంత పాతదో దీనివలన తెలియును.

తెలుగునాట బొంతకు ముఖ్యమైన ముడిసరుకు పాత నూలుచీర. కూతురు కాన్పునకు పుట్టినింటికి వచ్చునప్పటికి తల్లియో, అమ్మమ్మయో ఏండ్లతరబడి ఉతికి మెత్తబడిన చీరలను వేఱుచేసి ఉంచుట అలవాటు. క్రొత్తబట్టలోని గంజియు, బిఱుసుదనమును పసిబిడ్డ మేనికి ఒప్పవు. పలుమాఱులు నీటను, ఎండను నలిగిన నూలుపోగు వెన్నవలె మెత్తనగును. సుమారు అయిదున్నర మీటర్ల చీరను నిడివిని నాలుగు మడతలు వేసినచో మీటరున్నరకు కొంచెము తక్కువ పొడవును, మీటరునకు కొంచెము ఎక్కువ వెడల్పును గల నాలుగు పొరలు ఏర్పడును. అనగా కత్తెర తగులకుండనే ఒక చీర ఒక బొంతకు సరిపోవును. చిరుగులున్నచోట మాసికలు పడును. రంగు వెలసినచోట వేఱొక చీర కొంగు అతుకు పడును. నేర్చుకొనువారికి ఇంతకన్న తేలికైన, ఖర్చులేని ఆరంభము లేదు.

బొంతలో వెచ్చదనము గుడ్డ బరువువలననే కలుగదు. పొరల నడుమ నిలిచిన గాలి వేడిని త్వరగా పోనీయదు. పెక్కు పొరల బట్ట అంతే బరువుగల ఒక్క దళసరి బట్టకన్న హాయిగా నుండుటకు కారణమిదియే. కుట్టు చేయవలసిన పని ఆ పొరలను జారకుండ పట్టియుంచుట. కుట్లు మఱీ ఎడమైనచో నాలుగు ఉతుకులకే లోపలి పొరలు ముడుచుకొని ఉండలు కట్టును. మఱీ దగ్గఱై దారము బిగిసినచో బొంత అట్టవలె బిఱుసెక్కును, గాలికి చోటుండదు. ఈ రెంటి నడుమ గల హద్దు గుడ్డనుబట్టి, దారమునుబట్టి, చేతినిబట్టి మాఱుచుండును. దానిని మాటలలో చెప్పుట కష్టము. ముగించి, ఉతికి, ఆరవేసిన బొంత దానిని స్పష్టముగ చూపును. పెట్టెలోని సగము బొంత ఎన్నడును చూపజాలదు.

ఇక శ్రమ యెంతయో చూడవలెను. మీటరు పొడవు, మీటరు వెడల్పు గల బొంతపై రెండేసి సెంటీమీటర్ల ఎడమున వరుసలు వేయదలచినచో సుమారు 50 వరుసలు పడును. అనగా 50 మీటర్ల కుట్టు. సూది ఒకమాఱు మునిగి తేలుటకు ఒక సెంటీమీటరు చొప్పున 5,000 కుట్లు. క్రొత్తగ నేర్చుకొనువారు మీటరునకు పావుగంట తీసికొందురనుకొన్నచో మొత్తము పండ్రెండున్నర గంటలు. దినమునకు అరగంట కూర్చున్నచో 25 దినములు. గుడ్డ ఉతుకుట, పఱచుట, అంచులు మడచి కుట్టుట దీనికి అదనము.

ఈ లెక్క నిరుత్సాహపఱచుటకు కాదు. బొంతలు ఎక్కడ ఆగిపోవుచున్నవో ఇది చూపుచున్నది. మొదటి పది వరుసలను ఉత్సాహము కుట్టును. కడపటి పది వరుసలను ఆత్రము కుట్టును. నడుమనున్న ముప్పది వరుసలను కుట్టునది నిత్యాభ్యాసము మాత్రమే. అందు క్రొత్తదనము లేదు, గమ్యము కనుచూపు మేరలో లేదు. పెట్టెలలోని సగము బొంతలలో పెక్కింటికి అడ్డుపడినవి ఆ ముప్పది వరుసలే. చిత్రమేమనగా చేయి కుదుటబడునది కూడ అక్కడనే. మొదటి వరుసలో కన్ను ప్రతి కుట్టును వెదకుచుండును. ఇరువదియవ వరుసకు వచ్చుసరికి గుడ్డ క్రింద నున్న ఎడమచేతి వ్రేలు సూదిమొనను గుర్తుపట్టును. చేయి తనంతట తాను ఎడమును కొలుచుకొనును. మొదటి వరుసను, నలువదియవ వరుసను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఒకే మనిషి కుట్టినవని నమ్ముట కష్టము. బొంత తన కుట్టరి విద్యాభ్యాసమును తనపైననే వ్రాసికొనును.

నేర్పు పెంపొందుటకు తోడ్పడు నియమములు కొన్ని కలవు. పాతబట్టలతో క్రొత్త గుడ్డముక్కను కలుపదలచినచో దానిని ముందే ఉతికి ఆరవేయవలెను. లేనిచో బొంత ఉతికిననాడు అది ముడుచుకొని చుట్టునున్న బట్టను లాగును. రంగు దిగి ప్రక్కనున్న తెల్లగుడ్డను చెఱచును. పొరలను మంచముమీద గాక చదునైన నేలమీద పఱచి, అఱచేతితో నడుమనుండి అంచులకు సవరింపవలెను. టాకాలు కూడ నడుమనుండియే వెలుపలికి సాగవలెను. అంచులనుండి లోపలికి వచ్చినచో మిగిలిన వదులంతయు నడుమ చేరి ముడుత యగును. దారము మూరెడునకు మించరాదు. ఎక్కువ పొడవైనచో చిక్కుపడును. పొరలలోనుండి మాటిమాటికి దూరుటవలన పురి విడి, నలిగి, తెగును. ఇక కుట్టు సన్నముగ నుండవలెనా, సమముగ నుండవలెనా యన్నచో మొదట సమత్వము, తరువాత సన్నదనము. పెద్దవైనను ఒకే కొలతగల కుట్లు కంటికి ఇంపుగ నుండును, ఉతుకునకు నిలుచును. సన్నకుట్లు నాలుగు, పెద్దకుట్లు రెండు కలిసినచోట గుడ్డ ఒక ప్రక్కకు లాగును.

నేర్చుకొనువారిని మిక్కిలి బాధించునది వేఱొకటి కలదు. వరుస వంకరపోయినప్పుడు దానిని విప్పవలెనా, విడువవలెనా? ప్రతి వంకరను విప్పువారు బొంతను ముగింపలేరు. ఏ వంకరనును విప్పనివారు ఏమియు నేర్చుకొనలేరు. ఈ చిక్కును తీర్చునది కానుక యను భావమే. తప్పును పుచ్చుకొనువారి పక్షముననుండి చూడవలెను. పైకి వదులుగ లేచిన పొడవైన కుట్టులో పసిబిడ్డ వ్రేలు చిక్కుకొనును. దానిని తప్పక విప్పవలెను. ముడి సరిగా పడనిచో దారము జారి వరుస యంతయు ఊడిపోవును. దానిని మఱల వేయవలెను. క్రిందిపొర మడతపడి గట్టు కట్టినచో పండుకొన్న బిడ్డకు ఒత్తుకొనును, అదియు విప్పవలసినదే. వరుస కొంచెము వాలినచో, రెండు రంగులు పొసగనిచో, ఒక మూల వ్రేలెడు తగ్గినచో బిడ్డకు కలుగు లోటు ఏదియు లేదు. అది కుట్టువారి అభిమానమునకు మాత్రమే లోటు. మొదటి విధపు తప్పులను కనికరము లేకుండ విప్పుటయు, రెండవ విధపు తప్పులను సిగ్గుపడక విడుచుటయు తెలిసినవారికి బొంత విద్యలో సగము అబ్బినట్లే.

ఈ విచారణలో ఇంకొక సంగతి కలదు. పసిబిడ్డ బొంతను పరీక్షింపదు, మెచ్చుకొనదు, తప్పుపట్టదు. చుట్టములు చూచునది పైముఖము మాత్రమే. లోపలి పొరలు సవరముగ నున్నవో లేవో కుట్టినవారికి తప్ప ఎవరికిని తెలియదు. చూచువారు లేనిచోట కూడ పని సరిగా చేయుట చేతిపని నేర్పు పెద్దపాఠము. మార్కులకై చదువు చదువులో దొరకని పాఠమిది.

అయినను ప్రేమపూర్వకమైన కానుక వివేకముతో కూడియుండవలెను. ఏడాది నిండని శిశువు నిద్రించునప్పుడు చదునైన గట్టి పఱుపు ఉండవలెననియు, వదులైన బొంతలు, దిండ్లు ప్రక్కన ఉంచరాదనియు, అవి ముఖమునకు అడ్డుపడి ఊపిరి సలుపనీయకపోవచ్చుననియు నేటి శిశువైద్యులు హెచ్చరించుచున్నారు. కావున పసిబిడ్డకై కుట్టు బొంత పలుచగ నుండుట మేలు. పెద్దలు కనిపెట్టియుండగా బిడ్డను బోరగిల వేసి ఆడించుటకు, ఒడిలో పఱచుకొనుటకు అది ఉపయోగపడును. కప్పుకొనుటకు తగిన కాలము తరువాత వచ్చును. ఈ మాటను బొంతతోపాటు చెప్పి ఇచ్చుట కానుకలో భాగమే.

కానుకగా కుట్టిన బొంతలలో కొన్ని తమ కుట్టరుల పేర్లను నిలిపినవి. వంగదేశపు జానపద కళలను సేకరించిన గురుసదయ దత్తు వస్తువులలో మానదాసుందరి యను స్త్రీ 19వ శతాబ్దమున కుట్టిన కంథ యొకటి ప్రసిద్ధము. ఆమెది నేటి బంగ్లాదేశములోని ఖుల్నా ప్రాంతము. ఆ కంథ ఆమె తండ్రికై కుట్టినది. అతనికి సమర్పించుచున్నట్లు అక్షరములను కూడ ఆమె దారముతోనే కుట్టినది. ఆ కాలపు స్త్రీలు కుట్టిన కంథలు లెక్కకు మిక్కిలి. పేరు నిలిచినవి అతిస్వల్పము. వంగకవి జసీముద్దీను 1929లో వెలువఱచిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యమున కథానాయిక దూరమైన భర్తకై ఎదురుచూచుచు తన జీవితగాథనే కంథపై కుట్టును. దానిని తన సమాధిపై కప్పుమని కోరును. పుచ్చుకొనువాడు వచ్చునో రాడో తెలియకున్నను ఆమె ఆ పనిని సగములో విడువలేదు.

పొరుగున కర్ణాటకములోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ధి యను తెగవారు కలరు. వీరు పూర్వము ఆఫ్రికానుండి వచ్చినవారి సంతతి. వీరి స్త్రీలు కుట్టు బొంతను కవంది యందురు. ఒక మూలనుండి మొదలుపెట్టి అంచుల వెంబడి చుట్టి వచ్చుచు, క్రమముగ లోపలికి జరిగి నడుమకు చేరుట వారి పద్ధతి. మూలలయందు మడిచిన గుడ్డముక్కలతో చిన్న పూవులవంటి అలంకారము నుంచుదురు. ఆ పూవులు పడనిదే బొంత నిండుకాదని వారి భావము. ముగింపునకు ఒక గుర్తును ఏర్పఱచుకొనుటలో ఎంతయో లోకజ్ఞానము కలదు. గుర్తు లేని పని ఎప్పటికిని ‘ఇంకను కొంచెము’ గనే మిగిలిపోవును.

బొంత విషయమున రెండు ఆక్షేపణలు తఱచుగ వినవచ్చును. బొంత బీదతనపు గుర్తు, దానిని కానుకగా ఇచ్చుట చిన్నతనము అనునది మొదటిది. చలికి కంబళి కొనలేక పేలికలు కూర్చుకొన్న కుటుంబములు పెక్కు కలవు. వారి లేమిని సౌందర్యమని పొగడుట తప్పు. వారికి కావలసినది మొదట కంబళి, తరువాత ప్రశంస. కాని అతుకు వేయుట బీదలకే చెందిన విద్య యనుట చరిత్రకు విరుద్ధము. 17, 18 శతాబ్దములలో మచిలీపట్నము మొదలైన కోరమండల తీరపు రేవులనుండి కలంకారీ బట్టలు ఓడలపై ఐరోపాకు పోయి, అచ్చటి సంపన్నుల పడకలపై దుప్పట్లుగను, బొంతల పైపొరలుగను పఱచుకొన్నవి. వానికి కలిగిన గిరాకిని చూచి భయపడిన ఇంగ్లండు నేతపరిశ్రమవారు అద్దకపు నూలుబట్టల వాడుకను చాలవఱకు నిషేధించు శాసనమును 1721లో చేయించిరి. అది 1774 వఱకు సాగినది. అట్టి బట్టలలోని పూవులను, చెట్లను, పక్షులను కత్తిరించి వేఱొక గుడ్డపై అతికి బొంతలు కూర్చుట పాశ్చాత్య స్త్రీలలో ఒక కళయే యైనది. తెలుగుతీరపు నూలుబట్ట చిన్న తునకను కూడ వారు పారవేయలేదు.

అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లె కలదు. బానిసత్వము ననుభవించినవారి సంతతియైన నల్లజాతి స్త్రీలు అచ్చట అరిగిపోయిన పనిబట్టలతో బొంతలు కుట్టిరి. చలికి కప్పుకొనుటకు కుట్టిన ఆ బొంతలను 2002లో హ్యూస్టను నగరపు కళాప్రదర్శనశాల గోడలకు వ్రేలాడదీసి లోకమునకు చూపినది. 2006లో అమెరికా తపాలాశాఖ వానితో బిళ్ళలను ముద్రించినది. వానిలోని వరుసలు పెక్కు వంకరలే. ఆ వంకరలలోనే వారి ఒఱవడి యున్నదని విమర్శకులు మెచ్చుకొనిరి. మోకాలి దగ్గఱ వెలసిన నీలిగుడ్డను కూడ దాని వెలసినతనముతోనే వారు వాడుకొనిరి. చేతనున్న ముక్కను చూచి దానికి తగిన చోటు నిర్ణయించుట సామాన్యమైన తెలివి కాదు.

రెండవ ఆక్షేపణ ఇంకను బలమైనది. అంగడిలో మెత్తని రజాయిలు, దుప్పట్లు సులభముగ దొరకుచుండగా, కుట్టుమిషను గంటలో చేయు పనికి 25 దినములు వెచ్చించుట ఏల? దీనికి సమాధానము మిషనును నిందించుట కాదు. అక్కఱకు కొనుట తప్పు కాదు. కన్ను చాలనివారు, తీఱిక లేనివారు మిషనుపై కుట్టుటయు తప్పు కాదు. అయినను ఒక్క బొంతనైన చేతితో ముగించినవారికి ఒక లాభము తప్పక కలుగును. ఇతరుల శ్రమ వెల వారికి తెలియును. పాతచీరలు మూటగట్టి ఇచ్చి బొంతలు కుట్టించుకొను ఇండ్లు కలవు. ‘పాతబట్టలు మావే, దారమే గదా నీది’ అని అచ్చట కూలిని బేరమాడుట కద్దు. ఐదువేల కుట్లను తన చేతితో లెక్కించినవారు ఆ మాట అనలేరు. పండ్రెండున్నర గంటల పనికి న్యాయమైన కూలి యెంతయో వారే లెక్కవేసి ఇత్తురు. గీస్ బెండ్ ప్రాంతపు స్త్రీలు కూడ 1966లో సహకారసంఘముగ ఏర్పడి తమ బొంతలకు వెల సంపాదించుకొనిరి. కానుకకు వెల లేదు. కాని కూలికి కుట్టినదానిని కానుకవలె ఉచితముగ ఆశించుట అన్యాయము. ఈ భేదమును చేతికి తెలియజేయునది కుట్టుపనియే.

ఇచ్చటనే బడి ప్రసక్తి వచ్చుచున్నది. చేతిపనిని చదువునకు కేంద్రముగ చేయవలెనని 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించెను. జాకీర్ హుస్సేను అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి ప్రణాళికను సిద్ధపఱచినది. 2020 జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల విద్యార్థులు పది దినములు పుస్తకపు సంచి లేకుండ స్థానిక వృత్తినిపుణులయొద్ద పని తెలిసికొనవలెనని చెప్పినది. ఈ రెంటి నడుమ ఎన్నియో ప్రయత్నములు మొదలైనవి. పాఠశాలల చేతిపనికి కూడ సగము బొంతల గతియే పట్టుట కద్దు. నమూనాలు కుట్టింతురు, అట్టపై అతికింతురు, పరీక్షకుడు చూచిన పిమ్మట బీరువాలో పెట్టుదురు. ఎవరికిని అక్కఱకు రాని నమూనాపై పిల్లవానికి శ్రద్ధ ఏల కలుగును?

దీనికి బదులు ఒక తరగతి కలిసి ఒక బొంతను కుట్టవచ్చును. 36 మంది పిల్లలు ఒక్కొక్కరు అంచులకు విడిచిన గుడ్డ గాక 20 సెంటీమీటర్ల చదరపు ముక్కను పొరలతో కుట్టినచో, ఆరేసి ముక్కల ఆరు వరుసలతో మీటరు 20 సెంటీమీటర్ల చదరపు బొంత యేర్పడును. ఒక్కొక్కరికి పడునది రెండు మీటర్ల కుట్టు. సుమారు అరగంట పని. కొలత, వైశాల్యము, గుణకారము అను లెక్కలు అందులోనే వచ్చును. వేడి ప్రసరించు తీరు, నూలు ముడుచుకొను స్వభావము విజ్ఞానశాస్త్రమునకు చెందును. ముక్కలను జతపఱచునప్పుడు అసలు పాఠము మొదలగును. ఒకని ముక్క 21 సెంటీమీటర్లైనచో ప్రక్కవాని ముక్కతో మూల కలియదు. తన తప్పు ఇతరుని పనిని ఎట్లు లాగునో ఆ పిల్లవాడు కన్నులార చూచును. ఈ పని ఆడపిల్లలకే అప్పగింపరాదు. ఊరూర బట్టలు కుట్టి జీవించు దర్జీలలో పురుషులు ఎందఱో కలరు. సూదికి స్త్రీపురుష భేదము లేదు. సంవత్సరము ముగియకమునుపే ఆ బొంతను ఊరి అంగన్‌వాడి పిల్లలు కూర్చుండుటకు తరగతి యంతయు వెళ్ళి ఇచ్చి రావలెను. దినము ముందుగనే నిర్ణయింపబడిన కానుక అగుటచే నడిమి వరుసలవద్ద పని ఆగదు. ఉపాధ్యాయునకు మార్కులతో బెదిరింపవలసిన అవసరముండదు.

కడపటి కుట్టు వేయు పద్ధతి కూడ నేర్చుకొనదగినదే. దారము చివరకు వచ్చినప్పుడు పైన పెద్దముడి వేసి త్రెంచుట సులభము. కాని ఆ ముడి ఒత్తుకొనును, ఉతుకులో విడును. ఉన్నచోటనే వెనుకకు రెండు మూడు చిన్నకుట్లు వేసి, సూదిని పొరల నడుమ అంగుళము దూరము పోనిచ్చి వెలికి తీసి, అచ్చట దారమును త్రెంచినచో కొన లోపలనే దాగును. ఎక్కడ ముగిసినదో కుట్టినవారికి తప్ప తెలియదు. అటుపిమ్మట టాకాలన్నింటిని తీసివేయవలెను. విఱిగిన సూదిముక్క గాని, గుండుసూది గాని ఎక్కడను మిగులలేదని అఱచేతితో రెండువైపుల తడిమి చూడవలెను. బొంతను ఒకమాఱు ఉతికి ఎండలో ఆరవేయవలెను. ఒక మూలను సంవత్సరమును, కుట్టినవారి పేరును కుట్టుటకు సంకోచింపనక్కఱలేదు. పేరు నిలుపుకొనని వేలకొలది అమ్మమ్మల పని ఎవరిదో నేడు ఎవరికిని తెలియదు.

ఇచ్చిన పిమ్మట బొంతను దాచుకొనుమని చెప్పరాదు. వాడుమని, తడిపినచో ఉతుకుమని, చిరిగినచో తెచ్చి చూపుమని చెప్పవలెను. ఏడాది వాడిన బొంత తిరిగి చేతికి వచ్చినప్పుడు ఏ వరుస నిలిచినదో, ఏ అంచు విడినదో కనబడును. ఆ అంచుకు మాసిక వేయుచుండగనే రెండవ బొంతను ఎట్లు కుట్టవలెనో తెలియవచ్చును. ఆ తెలివి కావలసినవారు మొదట అటకమీది పెట్టెను దింపి, త్రుప్పుపట్టిన సూదిని తీసివేసి, క్రొత్త సూదికి మూరెడు దారము ఎక్కింపవలెను.